అట్ట తీసిన పుస్తకం

"ఆ ఫోను లోపల పెడతావా, కావా కుండలో పడేయమంటావా?"

దెస్మిరా వినిపించుకోలేదు. పొయ్యి ముందు పీట మీద కూర్చుని, నిన్న సాయంత్రం నుంచి చూస్తున్నదాన్నే మళ్ళీ చూస్తోంది. కుండలో కాఫీ ఆకులతో కాచే కావా తెర్లి, ఎర్రటి నీళ్ళు అంచు దాటి పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి.

ఆమె అమాక్ అని పిలిచే తల్లి యుస్నిదార్ గబగబా వచ్చి కుండ దింపింది. కూతురు ఉలకదు, పలకదు. దాంతో పొయ్యి పక్కన ముడుచుకు పడుకున్న పిల్లి వైపు తిరిగింది.

"విన్నావుటే? మన ఇంట్లో దొంగసొత్తు ఉందట. మనవాళ్ళెవరైనా తెచ్చారా? మన వంశంలో అలాంటి బుద్ధులున్నాయా? బయటినుంచి వచ్చినవాళ్ళు సంచిలో పెట్టుకుని తెస్తే వచ్చింది."

పిల్లి తోక కదిపి ఊరుకుంది. వినాల్సినవాడు దుకాణం వెనక పాకలో కూర్చుని కాఫీ ఆకుల్ని వెదురు పుల్లకి గుచ్చుతున్నాడు. మధ్యలో ఉన్నది తడిక. తడికకి చెవులుండక్కర్లేదు, దాని అవతల మనిషికి ఉన్నాయి.

అల్లుడితో సూటిగా మాట్లాడకూడదన్నది ఆ కొండల్లో తాతలనాటి మర్యాద. అత్తగారింటికి వచ్చి ఉండే మనిషి కాబట్టి మెచ్చుకోలైనా తిట్టైనా పక్కదారిన పోవాల్సిందే. దెస్మిరా భర్త రెఫ్దినాల్ ఈ ఇంటి గడప తొక్కిన నాటి నుంచి అమాక్ ఆ మర్యాద ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి ఆవిడే నలుగురికీ చెప్పుకుంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం గానీ, ఈ ఇంట్లో అల్లుడి మీద కోపానికి దుత్తలూ, చీపుళ్ళూ, పిల్లులూ తిన్న తిట్లకి అంతే లేదు.

"అమాక్, ఆపు," అంది దెస్మిరా.

"నేను పిల్లితో మాట్లాడుతున్నాను."

"ఆ పిల్లి వింటోందని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

అమాక్ మూతి ముడుచుకుని అరటిపళ్ళు వలవడం మొదలుపెట్టింది.

మళ్ళీ ఫోను మోగింది. దెస్మిరా నడిపే పేజీ పేరు 'నాలుగింటి పుట'. రోజూ సాయంత్రం నాలుగింటికి తను చదువుతున్న పుస్తకమూ, ఆ పూట తింటున్న తినుబండారమూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పెడుతుంది. అంతే. ఆ అంతేకే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. బాతంలో నర్సు ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు పక్కన తన పుస్తకం పెట్టి పంపుతుంది. మకస్సర్‌లో ఓడ వంటవాడు పిండి అంటిన వేళ్ళతోనే పేజీలు తిప్పుతూ, ఇవాళ్టి వాన బాగుందని రాస్తాడు. ముఖాలు తెలియవు గానీ ఎవరికి టీలో చక్కెర ఎక్కువ కావాలో తెలుసు, ఎవరు పుస్తకం చివరి పేజీ ముందే చూసేస్తారో తెలుసు. వచ్చే ఆదివారం వాళ్ళలో కొందరు మొట్టమొదటిసారి ఇక్కడికి, ఈ దుకాణానికే వస్తామన్నారు.

నిన్న దెస్మిరా తన ప్రాణమైన పుస్తకాన్ని పెట్టింది. దీపస్తంభం కాపలావాడి కూతురి కథ. పెళ్ళికి ముందు రెఫ్దినాల్ ఇచ్చిన మొదటి కానుక. పక్కన కొబ్బరి చిప్పలో కావా, ఆకులో అరటిపండు బజ్జీలు. పుస్తకానికి గోధుమరంగు కాగితంతో అట్ట వేసి ఉంటే, ఫోటోలో బాగుండదని ఆ అట్ట విప్పేసింది.

కాసేపటికి జోగ్జా నుంచి ఒకమ్మాయి, అక్కని పిలిచినట్టు ఉని అంటూ, మర్యాదగానే రాసింది. "ఉని దెస్, మరోలా అనుకోకండి. వెన్ను మీద పేరు వంకరగా ఉంది. ముఖచిత్రంలో సముద్రం నీలంగా ఉండాలి, మీదాంట్లో ఊదారంగులో ఉంది. ఇది దొంగ ముద్రణ కదూ?"

ఇంకెవరైనా అయితే పోనీలే అనుకునేవారు. దెస్మిరా విషయంలో ఎలా అనుకుంటారు? దొంగ ముద్రణల మీద కత్తి దూసింది ఆవిడే. జంబిలో వీర అనే కాలేజీ పిల్ల ఒకసారి తెలియక అలాంటి పుస్తకం ఫోటో పెడితే, నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఆ పిల్ల మళ్ళీ పేజీకి రాలేదు. ఇప్పుడెవరో ఆనాటి మాటల్ని తవ్వి తీసి, నిన్నటి ఫోటో కింద అతికించారు. 'దొంగ పుస్తకం కానుకిచ్చినవాడు ప్రేమనివ్వడు, దొంగసొత్తు ఇస్తాడు.' ఆ వాక్యం రాసినప్పుడు దెస్మిరా ఎంత మురిసిపోయిందో!

"ఉన్నమాట రాసెయ్," అంది అమాక్. "పుస్తకం నువ్వు కొన్నది కాదు. ఎవరు తెచ్చారో చెప్పు, నీ పేరు కడుక్కో. ఆదివారం వచ్చేవాళ్ళకి నేనేం మొహం పెట్టుకుని బజ్జీలు వడ్డించను?"

"ఆయన పేరు బజార్లో పెట్టి నా పేరు కడుక్కోనా?"

"ఆయన పేరు ఆయన ఊళ్ళో ఉంది. ఈ ఇంటి పేరు నీది, నాది."

తడిక అవతల వెదురు పుల్ల విరిగిన చప్పుడైంది. దెస్మిరా లేచి పాకలోకి వెళ్ళింది.

రెఫ్దినాల్ కొత్త పుల్ల చెక్కుకుంటున్నాడు. నిదానం మనిషి. ఆకులు పొగ మీద ఎంతసేపు ఉండాలో చూస్తూ కూర్చోగలడు గానీ, మాట మాత్రం రెండు రోజులు మాగాక బయటికొస్తుంది. వాన పాక చూరు మీద నుంచి కారుతోంది.

"చెప్పు ఉడా. తెలిసే తెచ్చావా?" భర్తని ఆమె ఎప్పుడూ ఉడా అనే పిలుస్తుంది.

"లేదు. పడాంగ్ బస్టాండులో కొన్నాను. పుస్తకాల్లో దొంగవి ఉంటాయని అప్పుడు నాకేం తెలుసు?"

"మరి నిన్నటి నుంచీ ఇంత గొడవ జరుగుతుంటే నోరు విప్పవేం? ఆ మాట నాతో అయినా అనొచ్చుగా?"

అతను ఇంకో నాలుగు ఆకులు గుచ్చాడు.

"ఆ పుస్తకానికి అట్ట ఎవరు వేశారు?"

"నువ్వే."

"ఎప్పుడు వేశాను?"

దెస్మిరా జ్ఞాపకం చేసుకోబోయింది. అప్పట్లో ఆ అట్ట చూసి ముచ్చటపడింది. తన కానుకంటే ఈయనకి ఎంత ప్రేమో అని పేజీలో కూడా రాసుకుంది.

"దొంగ పుస్తకం ఎలా గుర్తుపట్టాలో రాశావు చూడు, అప్పుడు," అన్నాడు రెఫ్దినాల్. "రాసి, వంటింట్లో పైకి చదివావు. వెన్ను చూడమన్నావ్, రంగు చూడమన్నావ్, కాగితం వాసన చూడమన్నావ్. నువ్వు మన పాప హనుమ్‌ని తీసుకురావడానికి బడికెళ్ళాక నేను బీరువాలోంచి తీసి చూశాను. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి దెస్. ఒక్కటీ తప్పలేదు."

"అప్పుడే నాతో చెప్పాల్సింది!"

"ఎలా చెప్పను? చివర్లో ఒక మాట రాశావుగా."

ఆ మాటేదో దెస్మిరాకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. నిన్నటి నుంచి అది తనని వెంటాడుతూనే ఉంది.

"నువ్వు చదువుతుంటే మీ అమ్మ నవ్వింది. భలే రాశావంది. అప్పుడు నేను లేచి నిలబడి, ఆ ఇచ్చినవాణ్ణి నేనే అనమంటావా? ఈ ఇంట్లో?"

"ఈ ఇంట్లో అంటే ఏంటి? నీ ఇల్లు కాదా ఇది?"

"మొద్దు మీద బూడిద అంటారుగా అల్లుళ్ళని. గాలి రానంతసేపూ ఉంటాం."

"అంటే నేను గాలినా?"

"నేనలా అన్నానా?"

"అనకుండానే అంటావ్. మా అమ్మ దగ్గర బాగా నేర్చుకున్నావ్."

నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. పుల్లని పొగ మీద వేలాడదీసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నువ్వేం రాయాలనుకుంటే అది రాయి. నా పేరు పెట్టాల్సొస్తే పెట్టు కూడా. కానీ ముందు నాకు చెప్పి పెట్టు. పరాయివాళ్ళు చెబితే నేను వినకూడదు. అంతే అడుగుతున్నా."

"నీకు చెప్పకుండా నీ గురించి ఒక్క ముక్క పెట్టను. ఒట్టు."

"ఒట్టెందుకులే," అన్నాడు. కానీ మొహం కాస్త తేటపడింది.

దెస్మిరా వచ్చి ఫోను ముందేసుకుని కూర్చుంది. క్షమించండి అని రాసింది, కొట్టేసింది. నాకు తెలియదు అని రాసింది, అదీ కొట్టేసింది. ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషికి తన గురించి రాసుకోవడానికి మాట దొరకలేదు. ఈలోగా హనుమ్‌కి బడి వదిలే వేళయింది. ఫోను సంచిలో పడేసుకుని, స్కూటర్ తీసి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి దుకాణం ముందు బల్లలు ఖాళీగా ఉన్నాయి. కొబ్బరి చిప్పలన్నీ కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. ఆ వేళప్పుడు ఎప్పుడూ అలా ఉండవు. పొయ్యి మీద బూడిద కప్పి ఉంది.

హనుమ్ లోపలికి పరిగెత్తింది. అమాక్ అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో తన ఫోను. వంటల వీడియోలు చూడటానికని కూతురే కొనిపెట్టిన ఫోను.

"ఉడా ఏడి?"

"నీ పేజీ చూడు ముందు. అందరూ నీవైపు తిరిగారు."

దెస్మిరా చూసింది. నిన్నటి ఫోటో కింద, అందరికంటే పైన, అమాక్ పేరుతో ఉంది.

'ఆ పుస్తకం మా అల్లుడు రెఫ్దినాల్ పెళ్ళికి ముందు పడాంగ్ బస్టాండులో కొని తెచ్చాడు. నా కూతురికి ఏ పాపం తెలియదు. మా ఇంట్లో దొంగసొత్తు ముట్టరు. అడగాల్సిందేదో అతన్నే అడగండి.'

దాని కింద ఎర్రటి గుండె బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. పాపం ఉని దెస్ అని ఒకరు, ఇలాంటి మొగుళ్ళు మాకూ ఉన్నారని ఒకరు.

"అమాక్! ఏం పని చేశావు?"

"ఏం చేశాను? అబద్ధం రాశానా?"

"ఇన్నేళ్ళలో ఆయన మొహం మీద ఒక్క సూటి మాట అనలేదని ఊరంతా చెప్పుకుంటావే! ఇదేంటి మరి?"

అమాక్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అతనితో నేనేం అనలేదు. వాళ్ళతో అన్నాను."

పెద్దవాళ్ళు మర్యాదలు పెట్టినప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని చూసి పెట్టారు. చేతిలో ఇమిడే ఈ పెట్టె గురించి వాళ్ళేమన్నా కలగన్నారా?

"ఆయన చూశాడా?"

అమాక్ కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు కొంచెం తగ్గింది. "ఎవరో కుర్రాళ్ళు కారు ఆపి కావా తాగారు. అందులో ఒకడు ఫోను చూస్తూ, 'ఇదే దుకాణం కదూ? పుస్తకం తెచ్చిన అల్లుడుగారు మీరేనా?' అనడిగాడు. అందరూ నవ్వారు. పక్కన నిలబడి ఫోటో తీసుకుంటామన్నారు."

"తీసుకున్నారా?"

"నిలబడ్డాడు. నవ్వాడు కూడా."

రెఫ్దినాల్ నవ్వు ఎలా ఉండి ఉంటుందో దెస్మిరాకి తెలుసు.

"వాళ్ళు వెళ్ళాక చిప్పలు కడిగాడు. లోపలికెళ్ళి సంచి తెచ్చుకున్నాడు. పిల్లి దగ్గర ఆగి, 'పొయ్యి ఆర్పేశానే, చూసుకో' అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు."

"నువ్వు ఆపలేదా?"

"పిల్లితో అన్నాడు. నాతో అంటే కదా నేను పలకడానికి!"

దెస్మిరా అతనికి ఫోను చేసింది. ఆపేసి ఉంది. గదిలోకి వెళ్ళి బీరువా తెరిచింది. చొక్కాలు లేవు. చొక్కాలుండే చోట, వెనక గోడకి ఆనించి, పలచటి ప్లాస్టిక్ పొర కూడా విప్పని కొత్త పుస్తకం ఉంది. అదే నవల. వెన్ను మీద పేరు తిన్నగా ఉంది, సముద్రం నీలంగా ఉంది. మార్చేద్దామని ఎప్పుడో తెచ్చి దాచాడు. మరెందుకు మార్చలేదు?

పాత పుస్తకం తీసి చివరి పేజీ తిప్పగానే జవాబు దొరికింది. హనుమ్ పలక పట్టని రోజుల్లో ఆ ఖాళీ పేజీలో ఎర్ర పెన్సిలుతో గీసిన సూర్యుడు. లోపలి పేజీలనిండా కావా మరకలు. ఒకటి తనది, దాని పక్కది అతనిది. ఏ మరక ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

వెనకే వచ్చిన అమాక్ కళ్ళు మాత్రం కొత్త పుస్తకం మీద పడ్డాయి.

"ఇది అసలుదేనా? దేవుడు మన పక్షాన ఉన్నాడే! దీన్ని ఫోటో తీసి పెట్టు. నిన్నటిది వెలుతురు తేడా అని రాయి. నేను రాసింది తీసేయ్, ముసలిది తెలియక వాగిందనెయ్. నీ పేరు నిలుస్తుంది, అతని పేరూ నిలుస్తుంది. ఇంకేం కావాలి?"

దెస్మిరాకి అమాక్ చెప్పినదాంట్లో లోటేమీ కనిపించలేదు. ఒక్క ఫోటో చాలు. ఆదివారం అందరూ వస్తారు. ఉడా తలెత్తుకుని తిరుగుతాడు. జోగ్జా అమ్మాయి క్షమాపణ చెప్పుకుంటుంది. నిజం చెప్పాలంటే, ప్లాస్టిక్ పొర అంచుని గోటితో సగం చీల్చింది కూడా.

అంతలో జంబి పిల్ల గుర్తొచ్చింది. వీరకి ఇంట్లో ఇంకో పుస్తకం దాచిపెట్టినవాళ్ళెవరూ లేరు.

"ఏం చూస్తున్నావు? నాలుగు కావస్తోంది," అంది అమాక్.

దెస్మిరా కొత్త పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేసింది. పాతదాన్ని తెచ్చి, చివరి పేజీ తెరిచి, దుకాణం ముందు బల్ల మీద పెట్టింది. పక్కన బోర్లించిన కొబ్బరి చిప్ప పెట్టింది. కావా లేదు, కాచేవాడు లేడు. ముందు అమాక్ రాసింది తీసేసింది. తర్వాత రాయడానికి కూర్చుంటే, పొద్దుటి నుంచి దొరకని మాటలు ఈసారి వాటంతటవే వచ్చాయి.

'ఇది దొంగ ముద్రణే. ఎలా గుర్తుపట్టాలో మీకు చెప్పినదాన్ని నేనే, నా ఇంట్లో ఉన్నదాన్ని గుర్తుపట్టలేనిదాన్నీ నేనే. అయినా నాకు ఇదే ఇష్టం. వీరా, నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఆ పాపం నాది. ఆదివారం వచ్చేవాళ్ళు రండి, వద్దనుకున్నవాళ్ళు మానండి.'

మా ఇంట్లో కావా కాచే మనిషి అలిగి వెళ్ళాడు అని ఇంకో వాక్యం రాసింది. చూసుకుని కొట్టేసింది. చెప్పకుండా ఒక్క ముక్క పెట్టనని మాటిచ్చింది కదా.

పంపించి, ఫోను సంచిలో పెట్టి, వానకోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?" అమాక్ అరుగు దిగి అడ్డం నిలబడింది. "అలిగిన అల్లుణ్ణి తేవాలంటే మీ మేనమామ వెళ్ళాలి, పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. పెళ్ళామే పరిగెత్తితే మన పరువేం కాను?"

"పరువు ఫోన్లో పెట్టేశావుగా అమాక్. ఇంకెక్కడ మిగిలింది?"

అమాక్ పక్కకి తప్పుకుంది. స్కూటర్ రోడ్డెక్కాక వెనక నుంచి కేక వినిపించింది. "గొడుగైనా తీసుకెళ్ళవే! అతను తడిసి ఉంటాడు!" పిల్లితో కాదు, కూతురితోనే అంది.

అతని పుట్టినూరు సుంగయాంగ్ చేరేసరికి వాన ఇంకా జోరుగానే ఉంది. రెఫ్దినాల్ తల్లి వాకిట్లో చూరు కింద కూర్చుని, చిప్స్‌కి కర్రపెండలం దుంపలు చెక్కు తీస్తోంది. తడిసి ముద్దయిన కోడల్ని చూసి కత్తిపీట పక్కన పెట్టింది.

"నువ్వే వచ్చావేం తల్లీ? ఏం జరిగింది?"

"మింతువో, ఉడాతో ఒక్క మాట మాట్లాడాలి. ఒక్కసారి పిలవండి."

ముసలావిడ లేచి నిలబడింది.

"వాడిక్కడికి రాలేదే."

"మధ్యాహ్నమే వచ్చేశాడు, సంచి తీసుకుని..."

"సంచి తీసుకుని ఇక్కడికి ఎలా వస్తాడే? వాడి గదిలో చెల్లెలూ దాని మొగుడూ ఉంటున్నారు. పెళ్ళయిన మగాడికి మా ఇంట్లో గది ఎక్కడిది? వాడిల్లు మీదే కదా!"

దెస్మిరా సంచిలో ఫోను మోగుతూనే ఉంది. దారి పొడుగునా మోగుతూనే వచ్చింది. తీసి చూసింది. బాతం నర్సు ఉంది, ఓడ వంటవాడు ఉన్నాడు, జోగ్జా అమ్మాయి ఉంది. ఇన్నాళ్ళూ పేరు కూడా కనిపించని వీర సైతం ఏదో రాసింది. కిందిదాకా చూసింది, మళ్ళీ పైనుంచి చూసింది. అందరూ ఉన్నారు, రెఫ్దినాల్ లేడు.